పోయేది ఇద్దరు, వచ్చేది ముగ్గురు

కిందటి వారం దీపను షేర్ ఆటోలో, ఇద్దరు లావుపాటి మనుషుల నడుమ ఇరికించి మానుకోట దారిలో వదిలేశాం. ఆమె ఒళ్లో ఉన్న టిఫిన్ సంచీలో టిఫిన్ లేదు. అడుగున ఎర్ర ఫైలు ఒకటి ఉంది. తల్లి గోరీ నీళ్లకు పోయిన సందు చూసి అటక మీది నుంచి లాగేసిన ఫైలది. కన్నవాళ్ల ఇంట్లో దొంగతనం చేయడం దీపకు అదే మొదటిసారి. ఆటో గుంతలో పడ్డప్పుడల్లా గుండె కూడా పడుతూనే ఉంది.

ఫైలులో ఉన్నది ఒక ప్రయాణం. నర్సింహులపేట అవతలి రేగులతండాలో ఉండే లచ్చిరాం, గోరీ దంపతులను విత్తనాల కంపెనీ ఒకటి తన ఖర్చుతో సమోవా అనే దీవికి తీసుకుపోతుందట. భూగోళంలో నీలం రంగు తప్ప మరేమీ కనిపించని చోట ఉంటుంది ఆ దీవి. కొబ్బరి చెట్లు, తెల్లటి ఇసుక, పూలదండలు వేసుకున్న మనుషులు ఉంటారని జనగామ నుంచి వచ్చిపోయే కంపెనీ మనిషి తుల్సీరాం బొమ్మలు తెచ్చి చూపించాడు. మూడేళ్లుగా లచ్చిరాం చేనులో కంపెనీ బోర్డు ఉంది కాబట్టి ఇది ఆదర్శ రైతుకు బహుమానమట.

బాగానే ఉంది. కాని ఈ ఏడు అదే చేనులో అదే కంపెనీ పత్తి నడుమెత్తు పెరిగి కాయ పట్టకుండా నిలబడింది. తండాలో ముప్పై రెండు ఇండ్లది అదే గోస. సకల జనుల సమ్మె ముగిసి ఆఫీసులు తెరుచుకోగానే అధికారులు తనిఖీకి వస్తారు. వాళ్లకు మొదట చూపవలసింది లచ్చిరాం చేను, మొదట నోరు విప్పవలసింది లచ్చిరాం. సరిగ్గా ఆ రోజుల్లోనే కంపెనీకి ఆయన మీద ఇంత ప్రేమ పుట్టుకొచ్చింది. ఆయన దీవిలో పూలదండ వేసుకుని ఉంటే ఇక్కడ తండా నోట మన్నే. తిరిగొచ్చాక లచ్చిరాం అమ్ముడుపోయాడని అనని నోరు ఒక్కటీ ఉండదు. దీపను నెల రోజులుగా తినేస్తున్న భయం ఇదే.

భూపాలపల్లి బొగ్గు బావిలో పనిచేసే ఆమె భర్త వీరేందర్ కూడా సమ్మెలోనే ఉన్నాడు. నిన్న ఫోన్లో ఆమె గోడంతా విని, "పోనియ్యరాదు, ముసలోళ్లు. నీకు అన్నిట్ల అనుమానమే" అని నవ్వేశాడు. రేపు పొద్దున తుల్సీరాం ఫైలు తీసుకుపోవడానికి వస్తున్నాడు. దీప చేతిలో ఉన్నది ఈ ఒక్క రోజు.

స్టేషన్ రోడ్డులో ఇబ్రహీం దుకాణం పేరుకే ట్రావెల్సు. ముప్పై ఏళ్లుగా ఆయన మనుషులను పంపింది ఎక్కువగా మక్కాకు, మస్కట్‌కు, దుబాయికి. గోడకు కాబా బొమ్మ, దాని పక్కన బస్సుల టైములు, దాని కింద జై తెలంగాణ స్టిక్కరు ఉన్నాయి. నెల కావస్తోంది బస్సులు నడవక, టైముల కాగితానికి బూజు పట్టింది. ఆ రోజు రైళ్లు కూడా లేవు. జనం పట్టాల మీదే పొయ్యిలు పెట్టి వంటలు చేసుకుంటున్నారు. ఎప్పుడూ రైలు కూతకు మాట ఆపుకునే ఇబ్రహీం, ఆ రోజు కూత లేకపోవడానికే మాటిమాటికి ఆగుతున్నాడు.

"రా బేటీ, కూసో. ఇయ్యాల టెంట్ల లేవేంది?" అన్నాడు.

దీప మండలాఫీసులో జూనియర్ అసిస్టెంటు. సమ్మె టెంటుకు రోజూ సాయంత్రం చాయ్ పంపేది ఇబ్రహీమే. అందుకే ఆమె మొహమాటపడకుండా ఫైలు తీసి బల్ల మీద పెట్టింది. ఒక కాగితం లాగి వేలు పెట్టి చూపించింది.

"చాచా, ఇది చూడున్రి. దొంగ కాగితం. నేను పట్టేసిన. న్యూజిలాండ్ ఆక్లాండ్ల నవంబర్ ఇరవై తారీఖు పగటీలి ఇమానం ఎక్కుతరట. గా దీవిల ఆపియా ఊర్ల పంతొమ్మిది తారీఖు రాత్రి దిగుతరట. ఎక్కకముందే ఎట్ల దిగుతరు? అబద్ధం ఆడెటోడు జర తారీఖులన్న చూసుకోవద్దా?"

ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖంలో గెలిచిన వెలుగు ఉంది. రెండు వారాల కింద తండ్రి మురిసిపోతూ ఆ కాగితం చూపించినప్పటి నుంచి ఆ తారీఖును గుండెల్లో దాచుకుని తిరుగుతోంది పాపం.

ఇబ్రహీం కళ్లజోడు పెట్టుకుని చూశాడు, తీసి చూశాడు. తరువాత హైదరాబాద్‌లో ఉండే తన పెద్ద ఏజెంటుకు ఫోన్ కలిపాడు. కాగితం మీది నంబర్లు చదివి వినిపించి, పది నిమిషాలు "హా జీ, హా జీ" తప్ప మరో మాట అనలేదు. ఫోన్ పెట్టేసి దీప వైపు చూసినప్పుడు ఆయన కళ్లలో జాలి కనిపించింది.

"బేటీ, ఇది అసలు కాగితమే. ఇమానం అసలుదే, సీట్లు అసలువే. గుగులోత్ లచ్చిరాం, గుగులోత్ గోరీ అని పేర్లు గూడ పట్టి పెట్టిన్రు."

"మరి తారీఖు?"

"సముద్రం నడుమ ఒక గీత ఉన్నదట. కండ్లకు కనిపియ్యదట. అది దాటితే తారీఖు ఎన్కకు పోతదట. నిన్నటి దినం మళ్ల వస్తదట. ఏం చెప్పాలె, ఖుదా కీ కుద్రత్! ముప్పై ఏండ్లసంది మందిని ముందటికి తోలుడే నాకు ఎరుక, నిన్నటికి తోలుడు ఇదే మొదటిసారి చూస్తున్న."

ఇబ్రహీం తన మాటకు తానే నవ్వుకున్నాడు గాని దీపకు నవ్వు రాలేదు. ఇన్ని రోజులు ఆమె కోరుకున్నది ఈ ప్రయాణం అబద్ధం కావాలనే. అబద్ధమైతే ఫైలు చింపి పొయ్యిలో వేసి, తల్లితో నాలుగు తిట్లు తిని ఊరుకునేది. నిజంగా విమానం ఉంది, నిజంగా సీట్లు ఉన్నాయి అంటే, దాని వెనక ఎవరికో నిజమైన అవసరం కూడా ఉన్నట్టే. ఆమెకు భయం తగ్గకపోగా ఎక్కువైంది.

"ఇంకో మాట చెప్పనా?" అన్నాడు ఇబ్రహీం గొంతు తగ్గించి. "మందుల కంపెనీలు, విత్తనాల కంపెనీలు మనోళ్లను తోలుడు నాకు కొత్త కాదు. బ్యాంకాక్, మలేషియా, బహుత్ హువా తో, శానా అయితే, సింగపూర్. నా చేతి మీదనే మూడు బ్యాచులు పోయినయ్. గీ దీవికి ఎవడు తోలుతడు? మూడు ఇమానాలు మారాలె. న్యూజిలాండ్ల దిగి ఎక్కుటానికి గూడ వేరే వీసా కావాలె. కంపెనోడు ఎంచుకునే జాగ కాదిది. ఎవలో అడిగిన్రు. గిదే కావాలె అన్నరు."

"మా బాపుకు దుబాయి పేరు తప్ప ఇంకోటి తెల్వది చాచా."

"మరెవలు?" అని ఇబ్రహీం కాగితాన్ని మళ్లీ తన వైపు తిప్పుకుని, కింది వరుసల మీదికి వంగాడు. వంగినవాడు కాసేపటిదాకా లేవలేదు. "బేటీ, ఎన్కకు వచ్చే సీట్లు చూసినవా?"

చూడలేదు. ఆ కాగితాన్ని ఇరవై సార్లు చదివింది, ఇరవై సార్లూ ఆ తారీఖు దగ్గరే ఆగిపోయింది. దొంగను పట్టేశానన్న సంబరంలో మిగతా ఇల్లు వెతకని పోలీసు పనే ఆమె చేసింది.

"పోయేది ఇద్దరు" అన్నాడు ఇబ్రహీం. "వచ్చేది ముగ్గురు. మూడో సీటుకు పేరు లేదు. తర్వాత చెప్తమన్నరట."

దుకాణంలో ఎవరూ లేరు. అయినా దీప వెనక్కి తిరిగి చూసింది.

"మీ మనుషులు ఎవలన్న ఉన్నరా బేటీ అక్కడ?"

"సముద్రం దిక్కు మాకు ఎవలు లేరు చాచా" అంది దీప. అన్న తరువాత గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది. ఎందుకో ఆమె ఆలోచించదలచుకోలేదు.

ఇబ్రహీం ఫైలులోని మిగతా కాగితాలు తిరగేశాడు. పాస్‌పోర్టు ఫారాలు, ఫొటోలు, గోరీ పేర నివాస ధ్రువపత్రం. ధ్రువపత్రం దగ్గర ఆయన వేలు ఆగింది.

"అక్టోబర్ మూడు తారీఖు ముద్ర. ఆ దినం ఏ ఆఫీసు తెరిచి ఉండె బేటీ?"

ఏదీ తెరిచి లేదు. ఆ సంగతి దీప కంటే బాగా తెలిసినవాళ్లు మానుకోటలో లేరు. ఆమె కాగితాన్ని వెలుగుకు పెట్టి చూసింది. గుండ్రటి ముద్ర, కుడి అంచున చిన్న చీలిక. అటెండరు లింగయ్య ఓసారి దాన్ని మెట్ల మీద జారవిడిచినప్పుడు పడ్డ చీలిక అది. తన ఆఫీసు ముద్రే.

దాని వెనకే ఇంకో కాగితం ఉంది. దీప చదివింది. అక్టోబరు మూడున గుగులోత్ లచ్చిరాం చేను తనిఖీ చేయడమైనదని, పత్తి కాపు సంతృప్తికరంగా ఉన్నదని, నష్టమేమీ లేదని రాసి ఉంది. కింద అదే ముద్ర. ముద్ర పక్కన ఎవరిదో గీకినట్టున్న సంతకం, దాని పక్కన రాత్రి బడిలో నేర్చుకున్న వంకర అక్షరాలతో బాపు సంతకం. విమానం కాగితాల మధ్యలో పెట్టి, చూపిన చోటల్లా ఆయనతో సంతకం పెట్టించారు. జరగని తనిఖీ జరిగిపోయింది. తండా గొంతు మీద కత్తి పెట్టి, ఆ కత్తిని బాపు చేత పట్టించారు.

ఇక ముద్ర సంగతి. సమ్మె మొదలైన రోజున ఆఫీసులో అందరూ ఒక మాట అనుకున్నారు. ముద్ర బీరువాలో ఉంటే ఎవడో ఒకడు పైవాళ్లకు భయపడి పని మొదలుపెడతాడు, కాబట్టి దాన్ని బయటికి తెచ్చి నమ్మకమైన మనిషి ఇంట్లో దాచాలి. ఆ నమ్మకమైన మనిషి దీప. ఎర్ర జాకెట్టు గుడ్డలో చుట్టి తన ఇనప పెట్టెలో పెట్టుకుంది. ఆ సంగతి ఇంట్లో ఇద్దరికే చెప్పింది, ఒకరు వీరేందర్, రెండోది తల్లి. సద్దుల బతుకమ్మ చూడ్డానికి గోరీ వచ్చి రెండు రోజులు ఉన్నప్పుడు, దీపే పెట్టె తెరిచి మూట చూపించి, "సర్కారు మొత్తాన్ని గీ గుడ్డల కట్టిపెట్టినం యాడీ" అని తల్లి దగ్గర గొప్పలు పోయింది. అది అక్టోబరు రెండో తారీఖు. ఆ వారమంతా వీరేందర్ భూపాలపల్లిలో సమ్మె టెంటులోనే ఉన్నాడు.

"ఎవల పని బేటీ?" అన్నాడు ఇబ్రహీం.

దీప ఫైలు సంచీలో కుక్కుకుని ఆటో అడ్డా వైపు నడిచింది. తల్లి మీద అనుమానం రావడమే పాపమనిపించింది. అయినా ఆ అనుమానం తిరుగు ప్రయాణమంతా ఆమె పక్క సీటులోనే కూర్చుని వచ్చింది.

రేగులతండాకు చేరేసరికి మధ్యాహ్నం తిరిగింది. బాట మీద తండావాళ్లు వేసుకున్న దీక్ష పందిట్లో లచ్చిరాం మెడలో గులాబీ కండువాతో కూర్చుని ఉన్నాడు. బిడ్డను చూసి చెయ్యి ఊపాడు. దీప ఊపలేకపోయింది.

ఇంట్లో ప్రయాణం సగం తయారై ఉంది. ఎండబెట్టిన జొన్న రొట్టెలు ఒక మూట, వెల్లుల్లి కారం ఒక డబ్బా, అద్దాలు కుట్టిన కొత్త పేటియా లంగా ఒకటి మంచం మీద వరుసగా ఉన్నాయి. ఆ దీవిలో మిరపకాయ దొరుకుతుందో లేదోనని గోరీ వారం రోజులుగా ఊరందరినీ అడిగి విసిగించింది. ఎవరికీ తెలియకపోవడంతో రెండో డబ్బా కూడా నింపింది.

పెరట్లో గోరీ చాప మీద కూర్చుని ఉంది. కుడి చెయ్యి భుజం దాకా సబ్బు నురగ. ఎడమ చేత్తో మోచేతి పైనున్న తెల్ల గాజులను పట్టి కిందికి లాగుతోంది. నొప్పికి పెదవి కరుచుకుని ఉంది.

"యాడీ! ఏం చేస్తున్నవ్?"

"ఇమానం కాడ ఇవి తీసి డబ్బల పెట్టాలెనట. తుల్సీరాం చెప్పిండు. ముప్పై ఏండ్లసంది కదలని గాజులు, అప్పటికప్పుడు వస్తయా? ఇప్పటిసంది అలవాటు చేస్తున్న."

దీప అక్కడే నిలబడిపోయింది. లంబాడీ ఆడమనిషి మోచేతి పై గాజులు భర్త ఉన్నంత కాలం తీయదు. భర్త పోయిన రోజే అవి చేతిని విడుస్తాయి. నాలుగేళ్ల కింద చెయ్యి వాచి జ్వరం వచ్చినప్పుడు దవాఖానలో సిస్టరు వాటిని కోస్తానంటే, గోరీ మంచం దిగి కాలినడకన ఇంటికొచ్చేసింది. చెయ్యి పోతే పోనీ గాని గాజు తీయనన్న మనిషి. ఇప్పుడు భర్త బాట మీద బతికి కూర్చుని ఉండగా తనే సబ్బు రాసి లాగుతోంది. సముద్రం చూడబోయే మనిషి చేసే పని కాదిది.

"బాపు ఉండంగనే తీస్తవా?"

"మళ్ల ఏసుకుంట తియ్యి" అంది గోరీ తల ఎత్తకుండా.

దీప సంచీలోంచి ఫైలు తీసి తల్లి ముందు చాప మీద పెట్టింది. గోరీ దాన్ని చూసింది, బిడ్డను చూసింది. అటక మీది ఫైలు బిడ్డ చేతికి ఎలా వచ్చిందని అడగలేదు. పక్కన ఉన్న చెంబు తీసి చేతి మీద నీళ్లు పోసుకుంది.

"ముద్ర నువ్వే తీసినవ్ గద యాడీ."

"తీసిన."

"నా పెట్టెలకెళ్లి?"

"నీ పెట్టెలకెళ్లే. నువ్వు టెంటుకు పోయినవ్. తుల్సీరాం కాగితాలు పట్టుకొచ్చిండు. నేను మూట ఇప్పిన, ఆయన గుద్దిండు. మళ్ల కట్టి పెట్టిన."

"నన్ను అడగాలె గద!"

"అడిగితే ఇస్తువా?"

"ఇయ్యను."

"అందుకే అడగలే."

తల్లి అంత నిమ్మళంగా చెప్పేసరికి దీపకు ఒళ్లు మండిపోయింది. రెండో కాగితం బయటికి లాగి, ఒక్కొక్క వాక్యం చదివి, తమ లంబాడీ బోలిలో అర్థం చెప్పింది. కాపు బాగుందని. నష్టం లేదని. బాపు సంతకం పెట్టాడని. గోరీ నోరు కొద్దిగా తెరుచుకుని అలాగే ఉండిపోయింది.

"అది నాకు ఎరుక లేదు బిడ్డా. నన్ను కన్న ఇస్లావత్ ఈరన్న మీద ఒట్టు. ఒకటి నాది, ఒకటి మీ బాపుది అని తుల్సీరాం అన్నడు. పాస్‌పోర్టుకే అన్నడు."

"ముప్పై రెండిండ్లు యాడీ! రేపు ఈ కాగితం పోతే, బాపు మళ్ల ఆ పందిట్ల కూసుంటడా? ఆయన ముఖం మీద ఉమ్మరా? ఒక్క దీవి కోసం, నాలుగు కొబ్బరి చెట్ల కోసం..."

"కొబ్బరి చెట్లు ఎవలకు కావాలె?" అని అరిచింది గోరీ. ఆ అరుపుకు గోడ మీది కోడి ఎగిరి దూకింది. గోరీ ఎప్పుడూ అరిచే మనిషి కాదు.

దీప తల్లికి ఎదురుగా నేల మీద కూలబడింది. ఇబ్రహీం అడిగిన ప్రశ్నను ఇప్పుడు తను అడిగింది.

"ఆ దీవికే పోతమని అడిగింది ఎవలు?"

"నేనే."

"వచ్చేటప్పుడు మూడో సీటు ఎవలకు?"

గోరీ పందిరి వైపు చూసింది. మైకులో ఎవరో పాట పాడుతున్నారు. లచ్చిరాం వినడం లేదని నిర్ధారించుకుని, గొంతు తగ్గించి చెప్పింది.

"మీ అన్నకు."

దీపకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక నమ్మబుద్ధి కాలేదు. ఆమెకు ఉన్నది ఒక్కడే అన్న, రెడ్యా. ఆమె తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు కూలి మేస్త్రి వెంట బొంబాయి పోయాడు. అక్కడి నుంచి చేపలు పట్టే ఓడ ఎక్కాడని తెలిసింది. ఏడాది తిరగకుండా ఓడ మునిగిందని కబురొచ్చింది. శవం రాలేదు. బాపు గడ్డి బొమ్మ చేసి కర్మ చేశాడు. ఆ రోజు గోరీ ఇంట్లోంచి బయటికి రాలేదు. ఇది జరిగి పన్నెండేళ్లు. సముద్రం దిక్కు మాకు ఎవరూ లేరని పొద్దున ఇబ్రహీంతో అన్నప్పుడు గొంతులో అడ్డం పడ్డది ఆ పేరే.

"అన్న సచ్చిపోయిండు యాడీ" అంది మెల్లగా.

"సావలే. ఆ దీవిల ఉన్నడు. ఓడ మునిగినంక ఇంకో ఓడోళ్లు తీసుకపోయి అక్కడ దింపిన్రట. కాగితాలన్ని పోయినయట. తల్లో తండ్రో వచ్చి, వీడు మా కొడుకని చెప్పి తీసుకపోవాలెనట. ఉత్తరం రాసిండు. రెండు నెలలాయె. తుల్సీరామే తెచ్చి చదివి ఇనిపిచ్చిండు. మీ బాపుకు చెప్పలే. ఆయన మళ్ల ఆశపడి, మళ్ల లేడంటే, ఈసారి ఆయనే ఉండడు. అందుకే ఆదర్శ రైతు, బహుమానం అని చెప్పమన్న. కొడుకును కండ్ల ముందట నిలబెట్టినంక చెప్తమనుకున్న."

పన్నెండేళ్లు రాని ఉత్తరం, కాయ పట్టని చేను కంపెనీకి తలనొప్పి అయ్యాక వచ్చింది. తెచ్చింది కంపెనీ మనిషి. చదివింది కంపెనీ మనిషి. దీప బుర్రలో ఈ మూడు మాటలు గంట కొట్టినట్టు మోగాయి. తుల్సీరాం జనగామలో కూర్చుని అల్లిన ఉచ్చు ఇది. ముసలి తల్లి పన్నెండేళ్ల ఏడుపును ఎరగా గుచ్చాడు.

"ఆ ఉత్తరం ఏది?"

గోరీ లేచి, అద్దాల సంచీ తెచ్చుకుంది. లోపలి అస్తరు కుట్లు పళ్లతో కొరికి విప్పింది. రెండు మడతలు పెట్టిన కాగితం, చెమట తగలకుండా ప్లాస్టిక్ కవరులో ఉంది. రెండు చేతులతో ఇచ్చింది.

నిజం చెప్పాలంటే, ఆ మడత విప్పేటప్పుడు దీప అనుమానమంతా ఎక్కడికో పోయింది. తండా, పత్తి, ముద్ర ఏవీ గుర్తు లేవు. అన్న ఐదో తరగతి దాకా చదివాడు. పలక మీద తనకు అక్షరాలు దిద్దించింది వాడే. దేవుడా, ఇది వాడి రాతే కావాలి, నేను తప్పు కావాలి అనుకుంది. ఆ కోరిక ఎంత గట్టిగా ఉందంటే మొదటి వరుస చదవడానికి కళ్లు తుడుచుకోవలసి వచ్చింది.

'యాడికి, బాపుకు రెడ్యా దండం పెట్టి రాసేది...'

అక్షరాలు ఎడమకు ఒరిగి ఉన్నాయి. ప్రతి వాక్యం చివర చుక్కకు బదులు చిన్న సున్న. వరుస చివర చోటు చాలకపోతే మాటను పక్క అంచు మీదికి నిలువుగా ఎక్కించాడు రాసిన మనిషి. దీప మూడో వరుస దాటలేకపోయింది. పెళ్లికి ముందు ఏడు నెలల పాటు వారానికొకటి చొప్పున ఈ రాతలో ఉత్తరాలు భూపాలపల్లి నుంచి వచ్చేవి. అవన్నీ ఇప్పటికీ ఆమె ఇనప పెట్టెలోనే ఉన్నాయి. వెయ్యి కాగితాల్లో కలిపినా ఈ రాతను ఆమె వేలితో తడిమి చెప్పగలదు.

ఇది వీరేందర్ రాత.

'నీకు అన్నిట్ల అనుమానమే' అని ఫోన్లో నవ్విన గొంతు చెవిలో మోగింది. దీప కళ్లలోంచి నీళ్లు ధారగా కారాయి. ఆమె వాటిని ఆపలేదు, ఆపాలన్న తెలివి కూడా ఆ క్షణంలో లేదు.

గోరీ బిడ్డ ముఖంలోకే చూస్తోంది. తనకు అక్షరం రాదు. రెండు నెలలుగా పరాయివాడి నోటితో విన్న మాటను, చదువుకున్న తన బిడ్డ ఇప్పుడు సొంత కళ్లతో చూసింది, చూసి ఏడుస్తోంది. ఇంతకంటే రుజువు ఏ తల్లికి కావాలి?

"అన్న రాతే గద! నేను చెప్పలే? నేను చెప్పలే బిడ్డా?"

"యాడీ, ఆగు. నా మాట ఇను..."

గోరీ ఆగలేదు. దాచుకోవలసిందంతా రెండు నెలలు దాచుకుంది, ఇక ఆమె వల్ల కాలేదు. తడి చేతులతోనే ఇంటి ముందుకు పరుగెత్తింది. కర్మ చేసిన నాటి నుంచి ఆమె భర్తను 'దీప బాపూ' అనే పిలిచేది. అంతకుముందు పిలిచిన కొడుకు పేరు నోట రాకుండా పన్నెండేళ్లు పళ్ల బిగువున నెట్టుకొచ్చింది. ఇప్పుడు తండా మొత్తానికి వినపడేలా గొంతెత్తింది.

"రెడ్యా బాపూ! ఓ రెడ్యా బాపూ! జల్ది రా, నీ కొడుకు బతికే ఉన్నడు!"

బాట మీద మైకులో పాట ఠక్కున ఆగింది. లచ్చిరాం కండువా జారిపోతున్నా చూసుకోకుండా ఇంటి వైపు పరుగెత్తుకొస్తున్నాడు. ఆయన వెనక ముప్పై రెండు ఇండ్ల జనం లేచారు. గడపలో నిలబడ్డ దీప చేతిలో ఉత్తరం ఉంది, దాన్ని మడవడానికి ఆమెకు చేతులు రావడం లేదు.